ఊదమంటే ఊదాల్సిందే
పాఠకుల ప్రశ్నలు: విమానరంగ ఉద్యోగులకు మద్యం, మత్తు పరీక్షలు

విమానాశ్రయాల్లో పనిచేసేవాళ్ల నుంచి, వాళ్ల ఇళ్లవాళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలకే ఈ నెల శీర్షికంతా కేటాయించాం. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేశాం. రాసినవాళ్లు కోరినందువల్ల పేర్లు వేయడం లేదు, ఊరు మాత్రం ఇస్తున్నాం.

నేను కో-పైలట్‌ని. పెళ్లి విందులో రాత్రి తొమ్మిదికల్లా ముగించేసి, మర్నాడు ఉదయం పదిన్నరకు డ్యూటీ ఎక్కితే 12 గంటల రూలు దాటినట్టే కదా? మా సీనియర్లేమో ‘మర్నాడు డ్యూటీ ఉంటే అసలు ముట్టుకోకు’ అంటారు. అంత భయం అవసరమా? – హైదరాబాద్

మీ సీనియర్ల మాటే వినండి. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 24వ రూలు ప్రకారం విమానం బయల్దేరడానికి ముందు 12 గంటల లోపు మద్యం గానీ మత్తుమందు గానీ తీసుకోకూడదు. దాని మీద పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టిన ఊదుడు పరీక్ష వేరే. అందులో సున్నా రావాలి. పదమూడు గంటలు ఆగి వచ్చినా యంత్రం సున్నా చూపించకపోతే మీరు దొరికినట్టే. పన్నెండు గంటలు ఆగితే చాలన్న ధీమాతోనే చాలామంది చిక్కుల్లో పడతారు.

లెక్క వేసి చూద్దాం. 42.8 శాతం విస్కీ ఒక క్వార్టర్, అంటే 180 మి.లీ.లో దాదాపు 61 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 70 కిలోల మగవాడి రక్తంలో అది 100 మి.లీ.కి సుమారు 128 మి.గ్రా. దాకా చేరుతుంది. కాలేయం గంటకు సగటున 15 మి.గ్రా. కరిగిస్తుంది. అంటే సున్నాకు రావడానికి ఎనిమిదిన్నర గంటలు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ గంటకు 10 మి.గ్రా. మాత్రమే కరిగించే శరీరాలూ ఉన్నాయి. వాళ్లకు అదే క్వార్టర్ దిగడానికి దాదాపు 13 గంటలు పడుతుంది. మీది ఏ రకం శరీరమో బయటికి చూస్తే తెలియదు. 55 కిలోల మహిళ అదే క్వార్టర్ తాగితే రక్తంలో 200 మి.గ్రా. చేరుతుంది. సగటు వేగంతో కరిగినా 13 గంటలు దాటుతుంది. ఇక పెళ్లి విందుల్లో గ్లాసులు ఎవరూ లెక్కపెట్టరు. హాఫ్ బాటిల్, అంటే 375 మి.లీ. లోపలికి వెళ్తే 70 కిలోల మనిషికి కూడా 17, 18 గంటలు కావాలి.

రోడ్డు మీద కారు నడిపేవాడికి చట్టం 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాకా ఊరుకుంటుంది. ఆ క్వార్టర్ తాగినవాణ్ని తెల్లవారుజామున మూడున్నర, నాలుగింటికి ట్రాఫిక్ పోలీసు వదిలేయవచ్చు. విమానాశ్రయంలో అలాంటి వెసులుబాటు లేదు. పరీక్ష యంత్రం మూడో దశాంశ స్థానం దాకా చదువుతుంది.

కాఫీ, మజ్జిగ, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం, పరుగు... వీటిలో ఏదీ కాలేయాన్ని తొందరపెట్టదు. కాఫీ తాగితే నిద్రమత్తు వదులుతుంది, రక్తంలో అంకె మాత్రం అలాగే ఉంటుంది.

మొదటిసారి ఊదినప్పుడు పాజిటివ్ వస్తే అక్కడికక్కడే ఉద్యోగం పోయినట్టేనా? రెండో అవకాశం ఉంటుందంటారు, నిజమేనా? – విశాఖపట్నం

ఉంటుంది. అదెలా జరగాలో తెలిసి ఉండటం మీ హక్కు కూడా.

పరీక్ష చేసేది డాక్టరు లేదా దానికి శిక్షణ పొందిన పారామెడికల్ సిబ్బంది. ముందుగా చూడాల్సింది మౌత్‌పీస్. సీల్ ఉన్న ప్యాకెట్ మీ కళ్లముందు చింపి కొత్తది తగిలించాలి. యంత్రం తెర మీద 0.000 కనిపించాకే ఊదండి. గుండెల నిండా గాలి పీల్చి, బీప్ శబ్దం ఆగేదాకా ఒకే ధారగా వదలాలి. యంత్రానికి కావలసింది ఊపిరితిత్తుల అడుగు నుంచి వచ్చే చివరి గాలి. నోట్లో ఉండే పైపై గాలితో దానికి పని జరగదు. మధ్యలో ఆపితే ‘చాలలేదు’ అని చూపిస్తుంది. ఒకసారి జరిగితే పొరపాటు అనుకుంటారు. కావాలని మళ్లీ మళ్లీ అదే చేస్తే తప్పించుకోవడం కింద రాసుకుంటారు.

మొదటి రీడింగ్ పాజిటివ్ అయితే 15 నుంచి 20 నిమిషాలు ఆపుతారు. ఈలోగా ముఖం కడుక్కోవచ్చు, నోరు పుక్కిలించవచ్చు. ఆ అవకాశాన్ని వదులుకోకండి. నోట్లో మిగిలిన ఆల్కహాల్ అంతా ఈ వ్యవధిలో పోతుంది. రక్తంలో ఉన్నది పోదు. ఈ విరామం పెట్టిందే అందుకు. రెండోసారి మీరు ఊదే ముందు అదే యంత్రంలో వేరొకరు ఊది, సున్నా వచ్చిందని చూపించాలి. దాన్నే కంట్రోల్ టెస్ట్ అంటారు. యంత్రమే పాడై ఉంటే అక్కడే బయటపడుతుంది. రెండో పరీక్ష సాక్షి ఎదుట జరగాలి. రెండు రీడింగులూ ప్రింట్ తీసి రాసుకోవాలి. రెండోది సున్నా వస్తే డ్యూటీకి పంపిస్తారు. అదీ పాజిటివ్ అయితే 24 గంటల్లోగా సంగతి డీజీసీఏకి చేరుతుంది.

స్లిప్ మీద సంతకం పెట్టే ముందు టైము, యంత్రం నంబరు, మీ పేరు సరిగ్గా ఉన్నాయో లేదో చదువుకోండి. కంట్రోల్ టెస్ట్ చేయకపోతే అప్పుడే, అక్కడే అడగండి. రెండు రోజుల తర్వాత ఉత్తరం రాస్తే దాని విలువ సగమవుతుంది.

శిక్ష సంగతికి వస్తే, ఫ్లయిట్‌కు ముందు పరీక్షలో దొరికిన పైలట్ లైసెన్సు మొదటిసారి 3 నెలలు, రెండోసారి 3 ఏళ్లు సస్పెండ్ అవుతుంది. మూడోసారి రద్దు. ఊదనని మొండికేసినా, విమానాశ్రయం వదిలి జారుకున్నా పాజిటివ్ వచ్చిన లెక్కే. జారుకుంటే కనీసం సున్నా వచ్చే అవకాశం కూడా పోగొట్టుకున్నట్టు. ఆ ఆలోచన ఎలా పుడుతుందో మాకు ఎప్పటికీ అర్థం కాదు.

మా అమ్మాయి క్యాబిన్ క్రూ. ఇండియా నుంచి వెళ్లేటప్పుడు ఊదుతుంది సరే, దుబాయ్ నుంచి వచ్చేటప్పుడు ఎవరు చూస్తారు? – గన్నవరం

బయటి దేశం నుంచి బయల్దేరిన విమానం భారత్‌లో మొదట ఎక్కడ దిగితే అక్కడ, దిగాక పరీక్ష చేస్తారు. లేఓవర్‌లో, అంటే తిరుగు ఫ్లయిట్‌కు ముందు దొరికే విరామంలో, హోటల్‌లో తాగింది కూడా ఆ అంకెలో కనిపిస్తుంది. పన్నెండు గంటల నిబంధన అక్కడి హోటల్ గదిలోనూ వర్తిస్తుందని అమ్మాయికి తెలిసే ఉంటుంది.

నాకు మందు అలవాటే లేదు. కానీ మౌత్‌వాష్, హోమియో చుక్కలు, ఆయుర్వేదం అరిష్టాలు వాడతాను. వీటితో కూడా దొరుకుతామా? పులిసిన ఇడ్లీ పిండి సంగతేంటి? – రాజమహేంద్రవరం

ఇడ్లీ, దోసెల గురించి దిగులు వద్దు. పులిసినప్పుడు పుట్టే ఆ కాస్త ఆల్కహాల్ ఆవిరిలోనే పోతుంది. మీరు అడిగిన మిగతావాటి గురించి ఒక్కొక్కటిగా చెప్పుకోవాలి.

మౌత్‌వాష్‌లు చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుంది. పుక్కిలించిన వెంటనే ఊదితే యంత్రం బాగా పెద్ద అంకె చూపిస్తుంది, పావుగంటలో అది పడిపోతుంది. అయినా 2023లో డీజీసీఏ నిబంధన మార్చి, ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్, టూత్ జెల్ లాంటివి విమాన సిబ్బంది వాడకూడదని రాసేసింది. కాబట్టి ‘ఇది మౌత్‌వాష్ అండి’ అనే సంజాయిషీకి ఇప్పుడు కాలం చెల్లింది. ఆల్కహాల్ లేని రకాలు దొరుకుతాయి, సీసా వెనక చిన్న అక్షరాలు చదివి కొనుక్కోండి.

హోమియో చుక్కల్లో 90 శాతం దాకా ఆల్కహాలే ఉండవచ్చు. పది చుక్కలంటే అర మి.లీ. లెక్కన రక్తంలో దాని ప్రభావం దాదాపు లేనట్టే. ఇబ్బంది నోట్లో మిగిలినదానితోనే. డాక్టరును అడిగి తీపి గుళికలకు మారిపోండి.

అరిష్టాలు, ఆసవాల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. దశమూలారిష్టం, ద్రాక్షారిష్టం లాంటివి పులియబెట్టి తయారుచేస్తారు. అందులో స్వతహాగా పుట్టిన ఆల్కహాల్ ఎంత శాతమో లేబుల్ మీద ఉంటుంది. 10 శాతం ఉన్న మందు 30 మి.లీ. తాగితే 2.4 గ్రాముల ఆల్కహాల్ లోపలికి పోతుంది. 70 కిలోల మనిషి రక్తంలో ఇది 5 మి.గ్రా. దాకా తేలుతుంది, ఇరవై నిమిషాల నుంచి అరగంటలో పోతుంది. మందు మింగిన పది నిమిషాలకే మొదటిసారి ఊది పాజిటివ్ వస్తే, పావుగంట తర్వాత రెండోసారి కూడా చిన్న అంకె మిగిలి ఉండే ప్రమాదం ఉంది. సున్నా రూలులో చిన్న అంకె, పెద్ద అంకె అని తేడా లేదు. డ్యూటీ రోజుల్లో అరిష్టం వద్దు. వైద్యుణ్ని అడిగితే చూర్ణమో లేహ్యమో రాసిస్తారు.

ఎవరూ ఊహించని సంగతి ఒకటుంది, శానిటైజర్. పరీక్ష చేసే మనిషి చేతులకు శానిటైజర్ రాసుకుని, తడి ఆరకుండానే మౌత్‌పీస్ తగిలిస్తే ఆ ఆవిరిని సెన్సర్ పట్టేస్తుంది. గాలి ఆడని చిన్న గదిలో ఇది ఎక్కువ. తెర మీద ముందే 0.000 రాకపోతే ఊదకండి, చేతులు ఆరేదాకా ఆగమని చెప్పండి.

ఇక పండ్ల సంగతి. 2025లో కేరళ ఆర్టీసీ పందళం డిపోలో మద్యం ముట్టని బస్సు డ్రైవర్లు ఊదుడు పరీక్షలో దొరికారు. బాగా మగ్గిన పనసపండు తినడమే కారణమని తేలింది. పనస తొనల్లో చక్కెర ఎక్కువ, మగ్గిన కొద్దీ పులుస్తుంది. ఇదీ నోటి ఆల్కహాలే. నీళ్లతో పుక్కిలించి పావుగంట ఆగితే పోతుంది.

నాకు షుగర్ ఉంది. ఏకాదశి ఉపవాసాలు కూడా చేస్తాను. ఉపవాసం రోజు నోటి నుంచి వచ్చే వాసనకు యంత్రం మోగుతుందని ఎవరో అన్నారు. – తిరుపతి

ఆ వాసన ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే అసిటోన్‌ది. చౌకరకం సెమీకండక్టర్ సెన్సర్ ఉన్న యంత్రాలు దాన్ని చూసి మోసపోతాయి. విమానయానంలో ఫ్యూయల్ సెల్ యంత్రాలే వాడాలని నిబంధన. అందులో ప్లాటినం పలకల మీద ఆల్కహాల్ ఆక్సీకరణం చెంది ఎసిటిక్ ఆమ్లంగా మారుతూ కరెంటు పుట్టిస్తుంది. ఎంత ఆల్కహాల్ ఉంటే అంత కరెంటు. అసిటోన్‌కి ఆ పలకల మీద స్పందన ఉండదు. మీ ఉపవాసానికి ఢోకా లేదు. షుగర్ పడిపోయి డ్యూటీలో కళ్లు తిరగడం మాత్రం వేరే సమస్య. అది మీ డాక్టరుతో మాట్లాడాల్సింది.

నేను విమానాలు ఆగే ర్యాంప్ మీద ఇంధన బౌజర్ (ట్యాంకర్) నడుపుతాను. విమానం ఎక్కేది పైలట్లు కదా, మమ్మల్ని ఎందుకు ఊదమంటున్నారు? – శంషాబాద్

రెక్క కింద నుంచి నిండు బౌజర్ తిప్పేది మీరే కదా మరి. 2019 నుంచి మెయింటెనెన్స్ సిబ్బంది, ఏటీసీ (విమానాల రాకపోకలను నియంత్రించేవాళ్లు), గ్రౌండ్ హ్యాండ్లింగ్, వాహనాల డ్రైవర్లు, ఫైర్ సిబ్బంది అందరూ ఈ పరీక్ష కిందికి వచ్చారు. పైలట్ల మాదిరిగా ప్రతిసారీ అందరికీ ఉండదు. సంస్థలోని మనుషుల్లో కనీసం 10 శాతం మందిని రోజూ యాదృచ్ఛికంగా ఎంచి పరీక్షిస్తారు. నిన్న ఊదాను కాబట్టి ఇవాళ నా పేరు రాదు అనుకోవద్దు. చీటీ ప్రతిరోజూ కొత్తగా తీస్తారు. మీకు కూడా సున్నాయే రావాలి. నైట్ షిఫ్ట్ దిగి, బీరు తాగి పడుకుని, సాయంత్రం మళ్లీ డ్యూటీ ఎక్కేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసా ఒక్కటి పూర్తిగా దిగడానికే సగటున ఆరు గంటలు పడుతుంది, మూడు సీసాలైతే రోజంతా పోతుంది.

అన్నా, నాది సంగారెడ్డి దిక్కు. విమానాల రిపేర్ కంపెనీల టెక్నీషియన్ కొలువు వచ్చింది. చేరే ముందు మూత్రం టెస్టు ఉందన్నరు. మొన్న దావత్‌ల కల్లు తాగిన. నేను గంజాయి గింజాయి ముట్టలే. కల్లుకు ఏమైతది? – ఒక పాఠకుడు

తమ్ముడూ, నువ్వు అడగడమే మంచిదైంది. స్వచ్ఛమైన కల్లు అయితే అందులో ఉండేది ఆల్కహాల్ ఒక్కటే. అది ఒకరోజులో పోతుంది. మూత్రంతో చేసే ఈ మత్తు పరీక్ష దాన్ని చూడదు. భయం కల్తీ కల్లుతోనే. తెలంగాణలో చాలాచోట్ల కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారన్నది ఎక్సైజ్ వాళ్లు ఏళ్లుగా పట్టుకుంటున్న సంగతే. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు.

2022 జనవరి 31 నుంచి అమల్లో ఉన్న డీజీసీఏ నిబంధన ఆరు రకాల మత్తుమందుల కోసం వెతకమంటుంది: యాంఫెటమిన్ రకాలు, ఓపియేట్లు (నల్లమందు రకాలు), గంజాయి, కొకైన్, బార్బిట్యురేట్లు, బెంజోడయజిపైన్లు (ఈ రెండూ నిద్ర, మత్తు మాత్రల రకాలు). ఆల్ప్రాజోలం, డైజిపాం రెండూ చివరి రకంలోకి వస్తాయి. ఆల్ప్రాజోలం మూత్రంలో మూడు నుంచి ఐదు రోజుల దాకా కనిపిస్తుంది. డైజిపాం అంతకంటే మొండిది, ఒంట్లో అది మారి తయారయ్యే పదార్థం పది రోజులు, అలవాటుగా తీసుకునేవాళ్లలో వారాల తరబడి ఉంటుంది.

దావత్‌లో నువ్వు తాగిన కుండలో ఏముందో నీకూ తెలియదు, మాకూ తెలియదు. ‘నాకు తెలియకుండా కలిపారు’ అనే మాట పరీక్ష రిపోర్టును మార్చదు. స్క్రీనింగ్‌లో, అంటే తొలి పరీక్షలో, పాజిటివ్ వస్తే అదే నమూనాను పెద్ద ల్యాబ్‌లో అణువులను విడివిడిగా గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమెట్రీతో మళ్లీ చూస్తారు. ఏ మందో పేరుతో సహా తేలుతుంది. కాబట్టి ఇప్పటినుంచి ఆ కల్లు దుకాణం వైపు పోకు. అక్కడ ‘అసలు కల్లు’ అని చెప్పే మాట నమ్మకు. చెట్టు కింద నీ ముందు దించిన కల్లు తప్ప మిగతాది ఏ లొట్టిలో ఏం కలిసిందో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఉద్యోగం వచ్చాక మాత్రం చెట్టు కల్లైనా ఊదుడు పరీక్షలో మద్యమే అవుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. రోజూ కల్తీ కల్లు తాగే అలవాటున్నవాళ్లు దాన్ని ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, పిచ్చిచూపులు, ఫిట్స్ రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం బారులు తీరింది అందుకే. అలాంటి అలవాటుంటే డాక్టరు దగ్గర మెల్లగా తగ్గించుకోవాలి, ఉద్యోగం కోసం సొంతంగా ప్రయోగాలు చేయకూడదు.

మా అబ్బాయిని పైలట్ శిక్షణలో చేర్పిస్తున్నాం. మహాశివరాత్రికి భంగ్ తాగడం తప్పు కాదు కదా, చట్టమే ఒప్పుకుంటుంది అంటాడు. నిజమా? – కర్నూలు

మత్తుమందుల చట్టంలో గంజాయి నిర్వచనం ఆకును, గింజను పక్కన పెట్టింది. ఆ మాట వరకు మీ అబ్బాయి చెప్పింది నిజమే. పరీక్ష మాత్రం చట్టం చదవదు. భంగ్‌లో ఉన్నదీ గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీయే. ఎప్పుడో ఒకసారి తీసుకున్నవాళ్లలో మూడు నాలుగు రోజులు, రోజూ తీసుకునేవాళ్లలో నెలా ఆ పైన కూడా మూత్రంలో దాని ఆనవాళ్లు ఉంటాయి. కొవ్వులో పేరుకుని మెల్లగా బయటికి వచ్చే గుణం దానిది. ఫ్లయింగ్ స్కూల్లో చేర్చుకునే ముందే ఈ పరీక్ష తప్పనిసరి. పక్కవాడు పీల్చిన పొగ వల్ల పాజిటివ్ వచ్చిందనే కథ పరీక్ష గదుల్లో రోజూ వింటారు. మామూలుగా పక్కన కూర్చున్నంత మాత్రాన కటాఫ్, అంటే పాజిటివ్ అనడానికి పెట్టిన హద్దు, దాటడం అరుదు.

మా తమ్ముడు ఏటీసీలో ఉన్నాడు. మెడనొప్పికి, నిద్రకు డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంటున్నాడు. యాదృచ్ఛిక పరీక్షలో పేరు వస్తే? ఒకసారి పాజిటివ్ వస్తే జీవితాంతం మచ్చేనా? – వరంగల్

పైలట్లు, ఏటీసీ అధికారుల్లో ఏటా కనీసం 10 శాతం మందికి ఈ మత్తు పరీక్ష చేయాలి. పేరు వచ్చాక మాత్రల సంగతి చెప్పడం కంటే రాకముందే చెప్పడం మేలు. నిద్ర మాత్రల్లో ఆల్ప్రాజోలం, క్లోనాజెపాం లాంటివి బెంజోడయజిపైన్లే. కొన్ని దగ్గు మందుల్లో కొడీన్ ఉంటుంది, అది ఓపియేట్. కొన్ని జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటుంది. స్క్రీనింగ్‌లో అది యాంఫెటమిన్‌లా కనిపించి కంగారు పెడుతుంది, నిర్ధారణ పరీక్షలో వేరుపడుతుంది. ప్రిస్క్రిప్షన్, మందుల షీటు ఫోటో ఫోన్‌లో పెట్టుకోమనండి. నమూనా ఇచ్చేటప్పుడు గత వారం వేసుకున్న మందులన్నీ ఫారంలో రాయాలి.

అయితే ప్రిస్క్రిప్షన్ ఉంది గనుక డ్యూటీ చేసుకోవచ్చు అనుకుంటే అది ఇంకో పొరపాటు. మాత్ర చట్టబద్ధమే కావచ్చు, దాని మత్తులో హెడ్‌సెట్ పెట్టుకుని విమానాలకు దారి చెప్పడం కుదరదు. విమానయాన వైద్య పరీక్షలు చేసే డాక్టరు దగ్గరకు వెళ్లి, ఆ మాత్రతో డ్యూటీ చేయవచ్చా లేదా అని రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

మచ్చ సంగతి. స్క్రీనింగ్ పాజిటివ్ అయిన వెంటనే డ్యూటీ నుంచి తప్పిస్తారు. నిర్ధారణ పరీక్షలో కూడా తేలితే మొదటిసారి డీ-అడిక్షన్ సెంటర్‌కు పంపిస్తారు. అక్కడి డాక్టరు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చి, మళ్లీ చేసిన పరీక్ష నెగటివ్ వస్తే డ్యూటీలోకి తీసుకుంటారు. రెండోసారి దొరికితే లైసెన్సు 3 ఏళ్లు సస్పెండ్, మూడోసారి రద్దు. మద్యం విషయంలో మొదటిసారే 3 నెలల సస్పెన్షన్ పెట్టి, మత్తుమందుల విషయంలో మొదటిసారి చికిత్స వైపు మళ్లించడం కొందరికి తలకిందులుగా కనిపిస్తుంది. మా ఉద్దేశంలో చికిత్స దారే సరైనది. దాక్కునేవాడి కంటే చికిత్సకు వెళ్లినవాడి వల్లే విమానానికి భద్రత.

నేను డాలస్‌లో విమానాల మెకానిక్‌గా చేరబోతున్నాను. ఇక్కడి పరీక్ష ఇండియాకంటే కఠినమా? ఇంటి నుంచి వచ్చిన గసగసాల కూరల వల్ల పాజిటివ్ వస్తుందని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు. – టెక్సస్

కఠినం అనడం కంటే వేరే పద్ధతి అనాలి. అక్కడ మద్యానికి సున్నా రూలు లేదు. మెకానిక్‌లు డ్యూటీకి ముందు 4 గంటలు, విమాన సిబ్బంది 8 గంటలు మద్యం మానాలి. ఊదితే 0.02 (100 మి.లీ. రక్తంలో 20 మి.గ్రా.తో సమానం) లోపు వస్తే నెగటివ్. 0.02 నుంచి 0.039 వరకు వస్తే తాత్కాలికంగా డ్యూటీ నుంచి తప్పిస్తారు. 0.04, ఆపైన వస్తే ఉల్లంఘన. ధ్రువీకరణ పరీక్షకు కనీసం 15 నిమిషాల విరామం అక్కడా ఉంది. యాదృచ్ఛిక పరీక్షలకు ఏటా 25 శాతం మందిని మత్తుమందుల కోసం, 10 శాతం మందిని మద్యం కోసం ఎంచుతారు.

మూత్ర పరీక్షలో మెలికలు ఎక్కువ. కనీసం 45 మి.లీ. ఇవ్వాలి. 30 మి.లీ. ఒక సీసాలోకి, 15 మి.లీ. రెండో సీసాలోకి మీ ముందే పోసి సీలు వేస్తారు. కప్పు అందుకున్న నాలుగు నిమిషాల లోపే వేడి చూస్తారు. 32 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, లేకపోతే బయటి నుంచి తెచ్చారని అనుమానిస్తారు. టాయిలెట్ నీళ్లలో నీలి రంగు కలిపి ఉంటుంది, అందులోంచి ముంచి కలిపితే తెలిసిపోతుంది. వచ్చినంత ఇచ్చినా 45 మి.లీ. చాలకపోతే మూడు గంటల వరకు కూర్చోబెట్టి, 40 ఔన్సుల దాకా, అంటే లీటరుకు కొంచెం పైగా నీళ్లు తాగనిస్తారు. భయంతో ముందే లీటర్లకొద్దీ తాగేసి వెళ్లకండి. నమూనా పలచబడితే ల్యాబ్ మూత్రంలో మామూలుగా ఉండే క్రియాటినిన్ అనే పదార్థం ఎంతుందో చూసి పసిగడుతుంది. అది 100 మి.లీ.కి 2 నుంచి 5 మి.గ్రా. మధ్య ఉంటే మళ్లీ వెంటనే పిలిపిస్తారు, ఈసారి ఒక మనిషి చూస్తుండగా ఇవ్వాలి. ఆ అవమానం కంటే మామూలుగా రెండు గ్లాసులు తాగి వెళ్లడం మంచిది. మధ్యలో లేచి వెళ్లిపోతే నిరాకరణే, అంటే పాజిటివ్‌తో సమానం.

గసగసాల భయంలో కొంత నిజం ఉంది. గసగసాలు నల్లమందు మొక్క గింజలే, పైన అంటుకున్న మార్ఫిన్ కొంచెం మూత్రంలో కనిపిస్తుంది. అందుకే మార్ఫిన్ కటాఫ్‌ను మి.లీ.కి 2,000 నానోగ్రాముల దగ్గర పెట్టారు. అది దాటినా 15,000 లోపు ఉంటే మత్తుమందు వాడినట్టు ఇతర ఆధారాలు కూడా దొరికితేనే మెడికల్ రివ్యూ ఆఫీసర్ (ఫలితాలను పరిశీలించే డాక్టరు) పాజిటివ్ అని తేలుస్తారు. 15,000 దాటితే మాత్రం గసగసాలు తిన్నానన్న మాట చెల్లదు. కూర తగ్గించుకోవడం కంటే తేలికైన పని, గసగసాలను బాగా కడిగి, వేయించి వాడటం. పరీక్ష పిలుపు ఎప్పుడు వస్తుందో తెలియని ఉద్యోగంలో గసగసాల పాయసం గిన్నెడు తాగడం మాత్రం నా సలహా కాదు.

గంజాయి అమ్మకం చట్టబద్ధమైన రాష్ట్రంలో తాగి వచ్చినా ఈ పరీక్షలో ఆ చట్టం పనిచేయదు. గంజాయి మొక్క నుంచి తీసే సీబీడీ నూనె వాడాను అన్న సాకూ చెల్లదు. కొన్ని సీసాల్లో లేబుల్ మీద రాయని టీహెచ్‌సీ ఉంటుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న కొడీన్ దగ్గుమందు అయితే డాక్టరు చీటీ, కొన్న బిల్లు దాచుకోండి. విదేశంలో చట్టప్రకారం తెచ్చుకున్న మందును ఆ ఆఫీసర్ పరిశీలించవచ్చు. పాజిటివ్ అని ఆఫీసర్ ఫోన్ చేసి చెప్పిన 72 గంటల్లోగా రెండో సీసాను వేరే ల్యాబ్‌లో పరీక్షించమని మీరు అడగవచ్చు.

శంషాబాద్‌లోనే అమెరికా విమానాలకు రిపేర్లు చేస్తే, అక్కడి పరీక్షలు ఇక్కడివాళ్లకూ వస్తాయా? – ఒక ఏఎంఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజనీర్), హైదరాబాద్

2024 డిసెంబరులో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ తుది నిబంధన ప్రకటించింది. అక్కడి ఎయిర్‌లైన్ల విమానాల భద్రతకు సంబంధించిన మరమ్మతులు చేసే విదేశీ కేంద్రాలు తమ సిబ్బందికి ఆ పరీక్షలు అమలు చేయాలి. 2027 డిసెంబరు 20 గడువు. ఎఫ్ఏఏ అనుమతి ఉన్నంత మాత్రాన అందరికీ వర్తించదు, ఆ ఎయిర్‌లైన్ల పని చేసేవాళ్లకే. దేశం తన సొంత పరీక్షా విధానానికి గుర్తింపు తెచ్చుకునే దారి, స్థానిక చట్టం అడ్డొస్తే కేంద్రం మినహాయింపు కోరే దారి కూడా అందులో ఉన్నాయి. మీ కేంద్రం ఏ కాంట్రాక్టులు తీసుకుంటోందో, పరీక్షలు పెట్టడం, గుర్తింపు, మినహాయింపు అనే మూడు దారుల్లో ఏది ఎంచుకుంటోందో క్వాలిటీ మేనేజర్‌ను ఇప్పుడే అడిగి పెట్టుకోండి.